సగం వేడి ప్రమాదం: చేపల తెల్లమచ్చ వ్యాధిలో నీటి ఉష్ణోగ్రత చేసే పని

అక్వేరియంలోని చేప ఒంటిమీద, రెక్కల మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లని చుక్కలు కనిపించగానే, చేపలు పెంచే అనుభవం ఉన్నవారు ముందుగా చెప్పే మాట ఒకటే: హీటరు పెట్టి నీటిని 30 డిగ్రీలకు తీసుకువెళ్లండి. ఈ సలహా చాలావరకు సరైనదే. అయితే దానికి మామూలుగా చెప్పే కారణం, అంటే వేడికి పురుగు చచ్చిపోతుందన్నది, సరైనది కాదు. కారణం తప్పుగా అర్థం చేసుకున్నవారు అంకె విషయంలో కూడా తప్పటడుగు వేస్తారు. 30కి బదులు 26 దగ్గర ఆగిపోతారు. మచ్చలు పోయిన మర్నాడే హీటరు తీసేస్తారు. వేడిని తట్టుకోలేని చేపకు కూడా అదే వైద్యం చేస్తారు. వైద్యం చేశాక కూడా చేపలు చనిపోయిన తొట్లలో చాలావాటి కథ ఈ మూడింటిలో ఏదో ఒకటే అయి ఉంటుంది. అందుకే నీటి ఉష్ణోగ్రత ఈ వ్యాధిని ఎలా అదుపు చేస్తుందో, ఎక్కడ ఎదురు తిరుగుతుందో వివరంగా చూడాలి.

ముందుగా పేర్ల దగ్గర ఉన్న చిక్కు తీసుకుందాం. కోస్తా జిల్లాల్లో ‘వైట్ స్పాట్’ అనగానే ఆక్వా రైతులకు గుర్తొచ్చేది రొయ్యల చెరువులను ఊడ్చిపెట్టే వైరస్ వ్యాధి. అది పూర్తిగా వేరు. మంచినీటి చేపలకు వచ్చే తెల్లమచ్చకు కారణం ఇక్తియోఫ్తీరియస్ మల్టిఫిలిస్ అనే ఏకకణ పరాన్నజీవి; అక్వేరియం పెట్టుకున్నవారు దాన్ని పొట్టిగా ‘ఇక్’ అంటారు. 1876లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఫూకే పెట్టిన ఆ పేరుకు ‘అధిక సంతానం గల చేప పేను’ అని అర్థం. మన చెరువుల దగ్గర మాత్రం చేప పేను అంటే ఆర్గ్యులస్. అది రొయ్య, పీతల వర్గానికి చెందిన జీవి, చేప ఒంటిమీద పాకుతూ కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. ఈ వేర్వేరు జీవులకు వేడి విషయంలో వేర్వేరు స్వభావాలున్నాయి కాబట్టి పేరు కలిసిపోతే వైద్యం కూడా తారుమారవుతుంది.

ఇక్ జీవితంలో మూడు దశలున్నాయి. వేడి ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో తేలేది వీటిని విడివిడిగా చూసినప్పుడే. మొదటిది చేప ఒంట్లో ఉండి తినే దశ, దాన్ని ట్రోఫాంట్ అంటారు. మనకు కనిపించే తెల్లని చుక్క ఇదే. ఇది చేప చర్మం పైన అంటుకుని ఉండదు; పైపొర కిందికి దూరి, చేప కణజాలాన్నే కప్పుకుని, లోపల గుండ్రంగా తిరుగుతూ కణాలను తింటూ ఒక మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. చేప చర్మమే దానికి గొడుగు కావడం వల్ల నీటిలో కలిపే ఏ మందూ, ఉప్పూ దాన్ని తాకలేవు. బాగా పెరిగాక అది చర్మాన్ని చీల్చుకుని బయటపడి, కాసేపు ఈది, గులకరాయికో మొక్క ఆకుకో తొట్టి అడుగుకో అంటుకుని తన చుట్టూ జిగురు తిత్తి కట్టుకుంటుంది. ఇది రెండో దశ, టోమాంట్. ఆ తిత్తిలో ఒక కణం రెండుగా, రెండు నాలుగుగా చీలుతూ వందల సంఖ్యలో, ఒక్కోసారి వెయ్యి దాకా పిల్లలు తయారవుతాయి. తిత్తి పగిలి అవి నీటిలోకి ఈదుకుంటూ వస్తాయి. ఇది మూడో దశ, థెరాంట్. వీటికి నోట్లోకి పోయే ఆహారం ఏదీ లేదు. ఒకటి రెండు రోజుల్లో చేప దొరికితే బతుకు, లేకుంటే చావు. మందులు తగిలేది ప్రధానంగా ఈ ఈదే పిల్లలకే. తిత్తి గోడ లోపలి జీవిని కొంత కాపాడుతుంది, చేప చర్మం అంతకన్నా ఎక్కువ కాపాడుతుంది.

ఈ మూడు దశల గడియారాన్ని తిప్పేది నీటి ఉష్ణోగ్రతే. నీరు 24 డిగ్రీలు దాటి ఉంటే మొత్తం చక్రం నాలుగు రోజుల లోపే పూర్తికావచ్చు. 7 డిగ్రీలకన్నా చల్లగా ఉంటే అదే చక్రానికి అయిదు వారాలకు పైగా పడుతుంది. చల్లని నీటిలో మచ్చ చేప ఒంటిమీద వారాల తరబడి కదలకుండా ఉంటుంది, ఆ వారాలన్నీ మందు పోస్తూ కూర్చున్నా దానికి ఏమీ కాదు. నీటిని వెచ్చచేస్తే మచ్చ తొందరగా పండి రాలిపోతుంది, తిత్తి తొందరగా పగులుతుంది, పిల్లలు తొందరగా బయటికొచ్చి మందుకు చిక్కుతాయి. కాబట్టి వేడి చేసే మొదటి పని చంపడం కాదు, దాక్కున్న దాన్ని బయటికి రప్పించడం. చేప ఒంటిమీద ఉన్న చుక్కలు వేడి పెట్టిన రెండో రోజుకే మాయమైతే అది నయమైనట్టు కాదు. అవి నేలకు దిగి పిల్లలను తయారుచేసే పనిలో ఉన్నాయని అర్థం. హీటరు తీసేయడానికి అంతకన్నా చెడ్డ సమయం మరొకటి లేదు.

వేడి చేసే రెండో పని పరాన్నజీవి ఎదుగుదలను దెబ్బతీయడం. ఇక్‌కు బాగా నచ్చే వేడి 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉంటుంది. 30కి చేరుకునేసరికి తిత్తిలో చీలిక తొందరగానే జరుగుతుంది గాని, పుట్టే పిల్లలు చిన్నవిగా, బలహీనంగా ఉంటాయి, చేపను వెతుక్కునేంత కాలం బతకవు. ఎక్కువ రకాల ఇక్ ఈ వేడిలో తరాన్ని నిలుపుకోలేదు. దీన్ని గోడలా ఊహించుకోకూడదు, వాలులా ఊహించుకోవాలి. 29.5 దగ్గర బతికి 30 దగ్గర ఒక్కసారిగా చచ్చేదేమీ ఉండదు. వేడి పెరిగేకొద్దీ అవకాశాలు తగ్గుతాయి, అంతే. ఇంకా ఎక్కువ వేడిని తట్టుకునే రకాలు కొన్ని చోట్ల కనిపించినట్టు నివేదికలున్నాయి కాబట్టి, వారం గడిచినా కొత్త చుక్కలు వస్తూనే ఉంటే వేడిని ఇంకా పెంచుకుంటూ పోకుండా మందు కలపడమే తెలివైన పని.

మూడో పని గురించి అక్వేరియం పెట్టుకున్నవారు తక్కువగా మాట్లాడుకుంటారు. చేప శీతరక్త జీవి. దాని రక్తంలో యాంటీబాడీలు తయారయ్యే వేగం కూడా నీటి వేడి మీదే ఆధారపడి ఉంటుంది. చల్లని నీటిలో చేప రోగనిరోధక వ్యవస్థ నిద్రమత్తులో ఉన్నట్టే నడుస్తుంది. ఇక్ సోకి బతికి బయటపడిన చేపలకు ఆ తర్వాత చాలాకాలం గట్టి రక్షణ ఉంటుందని ప్రయోగశాలల్లో ఎన్నోసార్లు రుజువైంది. పరాన్నజీవి ఒంటిపై నూగులో ఉండే కొన్ని ప్రోటీన్లను చేప గుర్తుపట్టి, వాటికి తగిన యాంటీబాడీలతో దాన్ని కదలకుండా చేయగలుగుతుంది. చేప తన శరీర స్వభావానికి తగిన పరిధిలో వెచ్చగా ఉంటే ఈ రక్షణ తొందరగా సిద్ధమవుతుంది. జ్వరం తెచ్చుకునే శక్తి చేపకు సొంతంగా లేదు గాని, వెచ్చని చోటుకు ఈదుకుంటూ వెళ్లి అది జ్వరం తెచ్చుకోగలదు. వైరస్ సోకిన కార్ప్ చేపలకు వేర్వేరు వేడి గల గదుల మధ్య తిరిగే వీలు కల్పిస్తే అవి వెచ్చని గదిని ఎంచుకుని బతికాయని ఐరోపా పరిశోధకులు 2017లో చూపించారు. గాజు తొట్టిలోని చేపకు వెళ్లడానికి మరో చోటు లేదు. హీటరు తిప్పే చేయి ఆ ఎంపికను దాని తరఫున చేస్తోంది, కాబట్టి ఆ చేతికి బాధ్యత ఉంది.

ఈ మూడు పనులనూ కలిపి చూస్తే సగం వేడి ఎందుకు ప్రమాదమో తెలుస్తుంది. నీరు 21 దగ్గర ఉన్నప్పుడు తెల్లమచ్చ వచ్చిందనుకుందాం. ‘కొంచెం వెచ్చచేద్దాం’ అని 25కి పెంచి, మందు వేయకుండా వదిలేస్తే ఏమవుతుంది? చక్రం వేగం పెరిగింది. పరాన్నజీవి ఎదుగుదల దెబ్బతినే వేడి మాత్రం రాలేదు. పైగా అది దానికి అన్నిటికన్నా నచ్చే వేడి. ఊహకు ఒక లెక్క వేసుకుందాం. ఒక్కో తిత్తి నుంచి 500 పిల్లలు వచ్చి, వందకు ఒకటి మాత్రమే చేపను పట్టుకున్నా, ప్రతి చక్రానికీ పరాన్నజీవుల సంఖ్య అయిదు రెట్లవుతుంది. చక్రం అయిదు రోజులకు కుదించుకుపోతే పది రోజుల్లో 25 రెట్లు, పదిహేను రోజుల్లో 125 రెట్లు. చల్లటి నీటిలో అదే వ్యాధి మెల్లగా పాకి, చేప రోగనిరోధక శక్తికి కొంత వ్యవధి అయినా ఇచ్చి ఉండేది. పెంచితే దాని ఎదుగుదల దెబ్బతినేదాకా పెంచాలి, లేదా పెరిగిన వేగానికి తగ్గ మందు నీటిలో సిద్ధంగా ఉండాలి. రెండూ లేని వేడి పరాన్నజీవికి చేసిన సాయమే.

దీనికి అతి విషాదకరమైన ఉదాహరణ గాజు తొట్టిలో కాదు, ఒక మహానదిలో జరిగింది. 2002 సెప్టెంబరులో అమెరికాలోని ఉత్తర కాలిఫోర్నియాలో, క్లామత్ నది చివరి మైళ్లలో 34 వేలకు పైగా చేపలు చనిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వాటిలో అత్యధికం గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదుతూ వస్తున్న చినూక్ సాల్మన్లు. చంపింది ఇక్, దానితోపాటు కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా వ్యాధి. ఆ ఏడాది నదిలో నీరు తక్కువ, వలస వచ్చిన చేపలు ఎక్కువ, నీటి వేడి 20 డిగ్రీల చుట్టుపక్కల. చేపలు పైకి కదలలేక కొన్ని మడుగుల్లో కిక్కిరిసి నిలిచిపోయాయి. మన తొట్లకు 20 డిగ్రీలు చల్లదనమే. చల్లని నీటికి పుట్టిన సాల్మన్‌కు అది ఒంటికి భారమయ్యే వేడి, ఇక్‌కు మాత్రం హాయిగా చక్రం తిప్పుకునే వేడి. మెల్లగా కదిలే నీటిలో ఈదే పిల్లలకు చేపను వెతుక్కోవాల్సిన శ్రమ కూడా లేకపోయింది.

ఆ తర్వాత జరిగిన వైద్యం మన హీటరుకు సరిగ్గా తలకిందులు. క్లామత్‌లో కలిసే ట్రినిటీ నది మీద లూయిస్టన్ డ్యామ్ ఉంది. చేపల వలస సమయంలో ముప్పు కనిపించిన సంవత్సరాల్లో ఆ డ్యామ్ నుంచి అదనంగా చల్లని నీటిని వదలడం మొదలుపెట్టారు. 2014లో చేపల మొప్పల్లో ఇక్ మళ్లీ కనిపించినప్పుడు అత్యవసరంగా విడుదలను పెంచారు. క్లామత్ నది మీదే తరతరాలుగా బతుకుతున్న యురోక్ ఆదివాసీల మత్స్య విభాగం చేపలను పట్టి మొప్పలు పరీక్షిస్తూ ముప్పును కనిపెట్టుకుని ఉంటుంది. ఆ నీరు తమకు దక్కాల్సిందని కాలిఫోర్నియా మధ్య లోయ వ్యవసాయదారులు కోర్టులకు కూడా వెళ్లారు. చల్లని నీరు అక్కడ మూడు పనులు చేస్తుంది: పరాన్నజీవి గడియారాన్ని నెమ్మదింపచేస్తుంది, ప్రవాహంతో ఈదే పిల్లలను కొట్టుకుపోయేలా చేస్తుంది, నిలిచిపోయిన చేపలను పైకి కదిలిస్తుంది. ఒకే పరాన్నజీవికి ఒక చోట వేడి మందు, మరో చోట చల్లదనం మందు. తేడా పరాన్నజీవిలో లేదు, చేప ఏ నీటికి పుట్టిందన్న దానిలో ఉంది. సాల్మన్‌ను 30 డిగ్రీల నీటిలో పెడితే ఇక్ కన్నా ముందు చేపే పోతుంది.

చేపను బట్టి తీర్పు మారుతుందన్న ఈ సంగతి మన ఇళ్లలో కూడా వర్తిస్తుంది. డిస్కస్, గౌరమి, ఫైటర్, ఏంజెల్ వంటి వెచ్చని నీటి చేపలు కొన్నాళ్లపాటు 30ని ఇబ్బంది లేకుండా భరిస్తాయి. గోల్డ్‌ఫిష్, కోయి, కొండవాగుల లోచ్ చేపలకు అది హింస. మన ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది గోల్డ్‌ఫిష్ కావడం, అది కూడా చిన్న గుండ్రటి గిన్నెల్లో కావడం వల్ల, ఈ వేడి వైద్యం తప్పు చేపకు జరిగే అవకాశం మన దగ్గర ఎక్కువ. గోల్డ్‌ఫిష్‌కు తెల్లమచ్చ వస్తే ఉష్ణోగ్రతను నిలకడగా ఉంచి, ఉప్పుతోనో మందుతోనో, ఎక్కువ రోజులు ఓపికగా వైద్యం చేయడమే మేలు.

వేడిని భరించగల చేపకు కూడా వేడి ఉచితంగా రాదు. సముద్రమట్టంలో మంచినీటిలో కరగగల ఆక్సిజన్ 20 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 9.1 మిల్లీగ్రాములు, 25 దగ్గర 8.3, 30 దగ్గర 7.6. అదే సమయంలో, పది డిగ్రీలు పెరిగితే చేప ఒంటికి కావలసిన ఆక్సిజన్ ఇంచుమించు రెట్టింపవుతుంది. అంటే సరుకు తగ్గుతోంది, గిరాకీ పెరుగుతోంది. ఇక్ మొప్పల్లో కూడా చేరుతుంది, నిజానికి చంపేది ఎక్కువగా అక్కడే. బయటికి కనిపించే నాలుగు చుక్కలను చూసి మనం తేలికగా తీసుకుంటాం. మొప్పల్లో ఉన్న నలభై మనకు కనిపించవు. దెబ్బతిన్న మొప్పలతో, తక్కువ ఆక్సిజన్ ఉన్న నీటిలో, ఎక్కువ ఆక్సిజన్ కావలసిన చేప నీటిపైకి వచ్చి నోరు తెరుస్తుంటే, దాన్ని వ్యాధి ముదరడంగా భావించి ఇంకాస్త వేడి పెంచేవారున్నారు. ఇది బాధ కలిగించే పొరపాటు, ఎందుకంటే ఒక ఎయిర్ పంపు, రెండు ఎయిర్ స్టోన్లు ఆ చేపను బతికించి ఉండేవి. హీటరు ఆన్ చేయడానికి ముందు గాలి పెంచాలన్నదాన్ని నేను ఈ వైద్యంలో మొదటి మెట్టుగా చెబుతాను.

అమ్మోనియా రెండో ఖరీదు. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం నీటి పీహెచ్‌తోపాటు వేడితో కూడా పెరుగుతుంది. పీహెచ్ 8 దగ్గర, 20 డిగ్రీల వేడిలో మొత్తం అమ్మోనియాలో విషభాగం 4 శాతం లోపు. 30 డిగ్రీల్లో 7 శాతం దాటుతుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల క్షార స్వభావం గలవి కాబట్టి ఇది పట్టించుకోవలసిన అంకె. వైద్యం జరుగుతున్న రోజుల్లో మేత తగ్గించాలి, రోజు విడిచి రోజు కొంత నీటిని అదే వేడి గల నీటితో మార్చాలి, అడుగున పేరుకున్న మడ్డిని సైఫన్ గొట్టంతో లాగేయాలి. అడుగు శుభ్రం చేయడం వల్ల మరో మేలు కూడా ఉంది: రాళ్ల మధ్య చేరిన తిత్తులు కొన్ని ఆ మడ్డితోపాటే బయటికి పోతాయి.

మందునూ వేడినీ కలిపేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. ఫార్మలిన్ ఇక్‌పై బాగా పనిచేస్తుంది, కానీ అది నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫార్మలిన్ కలిపితే కాలక్రమంలో ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్ పోతుందని లెక్క. వెచ్చని నీటిలో అది చేపకు మరింత ఘాటుగా తగులుతుంది. మలకైట్ గ్రీన్‌ను తినే చేపల్లో వాడటాన్ని అనేక దేశాలు నిషేధించాయి, దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఇంటి తొట్టిలో వేడికి తోడుగా ఉప్పే నమ్మదగినది: లీటరుకు రెండు మూడు గ్రాముల ఉప్పు, చేపలు అలవాటుపడేలా విడతలుగా కలిపితే చాలు. పొలుసులు లేని క్యాట్‌ఫిష్‌లూ సున్నితమైన నీటిమొక్కలూ ఉంటే ఆ మోతాదును కూడా తగ్గించాలి.

వేడి పెంచే తీరు గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. గంటకు ఒక డిగ్రీకి మించకుండా, వీలైతే ఇంకా మెల్లగా, ఒకటి రెండు రోజుల్లో 30కి చేర్చాలి. హీటరు మీద ఉన్న అంకెను నమ్మకుండా విడిగా థర్మామీటరు పెట్టాలి. చివరి చుక్క కనిపించాక కనీసం వారం, మొత్తం మీద పది నుంచి పద్నాలుగు రోజులు ఆ వేడిని నిలపాలి, ఆ తర్వాత అంతే మెల్లగా దించాలి. కరెంటు పోతే తొట్టి చల్లబడుతుంది, పంపు ఆగుతుంది. బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఆ రాత్రుల్లో హీటరుకన్నా విలువైనది. హైదరాబాదు వేసవిలో హీటరు లేకుండానే తొట్టి 30 చేరుకుంటుంది కాబట్టి, మన దగ్గర ఈ వ్యాధి డిసెంబరు, జనవరి నెలల్లో, లేదా దుకాణం నుంచి కొత్త చేపను తెచ్చిన వారం పది రోజుల్లో ఎక్కువగా బయటపడటంలో ఆశ్చర్యం లేదు.

ఇక తొట్టి దాటి చెరువు దగ్గరకు వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. వంద లీటర్ల తొట్టిని 5 డిగ్రీలు వెచ్చచేయడానికి అర యూనిటుకు కాస్త పైన కరెంటు చాలు. ఎకరం చెరువులో మీటరున్నర లోతు నీరుంటే అది సుమారు 60 లక్షల లీటర్లు; దాన్ని అంతే వెచ్చచేయడానికి, గాలికి పోయే వేడిని అసలు లెక్కలోకి తీసుకోకపోయినా, 35 వేల యూనిట్లు కావాలి. కైకలూరు, ఆకివీడు పరిసరాల్లో పంగాసియస్‌కో, బొచ్చె, శీలావతి పిల్లలకో చలికాలంలో తెల్లమచ్చ వస్తే ఏ రైతూ చెరువును వేడి చేయలేడు. అయినా ఉష్ణోగ్రత గురించిన జ్ఞానం అతనికి పనికిరాదని కాదు. మందును ఎన్ని రోజులకొకసారి వేయాలో చెప్పేది ఆ జ్ఞానమే. నీరు 25 దగ్గర ఉంటే ఈదే పిల్లలు రోజూ పుట్టుకొస్తాయి కాబట్టి మందు రోజు విడిచి రోజు పడాలి. 18 దగ్గర ఉంటే చక్రం నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి మందుల మధ్య ఎడం పెంచి, మొత్తం వైద్యాన్ని ఎక్కువ రోజులు సాగదీయాలి. ‘ఒక్కసారి వేశాం, పనిచేయలేదు’ అని మందును తిట్టుకునే సందర్భాల్లో చాలాసార్లు తప్పు మందుది కాదు. ఆ ఒక్కసారి వేసినప్పుడు పరాన్నజీవుల్లో అత్యధికం చేప చర్మం కిందో తిత్తుల్లోనో భద్రంగా ఉన్నాయి.

చెరువులో వేడిని పెంచలేకపోయినా పడిపోకుండా కాపాడుకోవచ్చు. లోతు తక్కువ నర్సరీ చెరువు పగలు తొందరగా వేడెక్కుతుంది, రాత్రి అంతే తొందరగా చల్లబడుతుంది. ఆ ఊగిసలాట చేపపిల్లను బలహీనపరుస్తుంది. చలి రోజుల్లో నీటి లోతు పెంచి ఉంచడం అందుకే మేలు. భూగర్భ జలం ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే వేడిలో ఉంటుంది కాబట్టి శీతాకాలం తెల్లవారుజామున బోరు నీరు చెరువు నీటికన్నా వెచ్చగా ఉంటుంది. అయితే అందులో ఆక్సిజన్ దాదాపు ఉండదు, దాన్ని గాలి తగిలేలా చిమ్మించి వదలాలి, ఉప్పదనం కూడా ముందే చూసుకోవాలి. హేచరీల్లోని సిమెంటు తొట్లకు మాత్రం ఇంటి తొట్టి వైద్యం దాదాపు యథాతథంగా వర్తిస్తుంది, అక్కడ వేడి చేసే ఖర్చు చేపపిల్లల విలువతో పోలిస్తే భరించదగినదే.

తెల్లమచ్చ కాని వ్యాధులను వేడికి అప్పగించడం గురించి కూడా చెప్పాలి. కాలమ్నారిస్ బ్యాక్టీరియా వల్ల నోటి దగ్గర, వీపు మీద తెల్లటి పాచి లాంటి పొర ఏర్పడుతుంది. తొలిచూపులో దాన్ని తెల్లమచ్చగా భ్రమపడటం తేలిక. వేడి పెంచితే ఆ బ్యాక్టీరియా రెచ్చిపోతుంది, రెండు రోజుల్లో తొట్టి ఖాళీ కావచ్చు. విడివిడిగా, గుండ్రంగా, ఇసుక రేణువంత ఉబ్బెత్తు చుక్కలైతేనే ఇక్. అతుక్కుపోయిన మసక పొరలైతే హీటరు ముట్టుకోకూడదు. యాంకర్ వార్మ్ అనే లెర్నియా 15 డిగ్రీల కింద సంతానం ఆపేస్తుంది, వెచ్చని నీటిలో జోరందుకుంటుంది. ఆర్గ్యులస్ గుడ్లు కూడా వేడి పెరిగేకొద్దీ తొందరగా పొదుగుతాయి. వీటిపై వేడిని ఆయుధంగా వాడటమంటే వాటి పంటకు నీరు పెట్టడమే. పండుగప్ప వంటి చేపలకు ఉప్పునీటిలో వచ్చే తెల్లమచ్చకు కారణమైన క్రిప్టోకేరియన్ వెచ్చని సముద్రాల జీవి. 30 డిగ్రీలు దానికి ఇల్లులాంటివి.

నార్వేలో వేడిని పూర్తిగా మరో పద్ధతిలో వాడారు. అక్కడి సముద్రపు వలల పంజరాల్లో పెరిగే అట్లాంటిక్ సాల్మన్‌లను సముద్రపు పేలు పీడిస్తాయి. మందులకు అవి లొంగకుండా పోయాక, చేపలను పంపుతో పైకి లాగి 28 నుంచి 34 డిగ్రీల నీటిలో అర నిమిషం ముంచి తీసే యంత్రాలు వచ్చాయి. చల్లని సముద్రం నుంచి ఒక్కసారిగా వేడి తగిలేసరికి పేలు పట్టు వదిలి రాలిపోతాయి. ఇక్కడ వేడి పరాన్నజీవి గడియారాన్ని తిప్పడం లేదు, ఎదుగుదలను దెబ్బతీయడం లేదు, కేవలం అదాటు దెబ్బ కొడుతోంది. ఆ దెబ్బ చేపకు కూడా తగులుతుంది. 28 డిగ్రీలు దాటిన నీటిలోకి దించగానే సాల్మన్లు తొట్టి గోడలకు తలలు కొట్టుకుంటూ, తల విదిలిస్తూ, నొప్పి పడుతున్న తీరులో ప్రవర్తిస్తాయని నార్వే సముద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2019లో వెల్లడించారు. ఆ ఏడాదే అక్కడి ఆహార భద్రతా సంస్థ, చేపల సంక్షేమానికి హాని లేదని రుజువు కాకపోతే 28 డిగ్రీలకు పైబడిన ఈ పద్ధతిని దశలవారీగా మానుకోవాలని చెప్పింది. మెల్లగా, చేప స్వభావం అనుమతించేంత మేరకే వేడి పెంచడానికీ, అర నిమిషంలో 20 డిగ్రీల తేడాను ఒంటిమీద పడేయడానికీ మధ్య ఉన్న దూరాన్ని గుర్తించడంలో వారి పరిశోధన మనకు కూడా పనికొస్తుంది. కొన్ని పాత పద్ధతుల్లో చేపను నేరుగా వేడినీళ్ల గిన్నెలో ముంచమని చెబుతుంటారు, అది చేయకూడదు.

చివరిగా, వ్యాధి రాకముందే చేయగలిగిన పని ఒకటుంది. కొత్త చేపను విడిగా ఒక తొట్టిలో ఉంచి గమనించే రోజులను చాలామంది క్యాలెండరు చూసి లెక్కపెడతారు, చూడవలసింది థర్మామీటరును. నీరు 25 డిగ్రీలకు పైన ఉంటే రెండు వారాల్లో ఇక్ రెండు మూడు చక్రాలు తిప్పుకుంటుంది, లోపల ఉంటే తప్పక బయటపడుతుంది. 15 దగ్గర ఉంటే అదే నమ్మకం రావడానికి అయిదారు వారాలు వేచి ఉండాలి. చేపలేవీ లేని తొట్టిని వెచ్చగా వారం పది రోజులు వదిలేస్తే పుట్టిన పిల్లలు ఆశ్రయం దొరక్క చనిపోతాయి, ఆ తొట్టి మళ్లీ వాడుకోవచ్చు. ఆ రోజుల్లో ఒక తొట్టిలో వాడిన వలనూ సైఫన్ గొట్టాన్నీ తడిగా మరో తొట్టిలో పెట్టకుండా ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి; తడి ఆరిపోతే తిత్తి బతకదు.